బ్యాటరీతో కత్తిపై గుర్తు వేస్తే ఉక్కు గట్టిదనం పోతుందా?

పోదు, 9 వోల్టుల బ్యాటరీ, ఉప్పునీళ్లతో గుర్తు వేసేటప్పుడు ఉక్కును మెత్తబరిచేంత వేడి పుట్టదు.

కత్తిని ప్లస్‌కు, ఉప్పునీళ్లలో తడిపిన దూదిని మైనస్‌కు కలిపితే, దూది తగిలిన చోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీళ్లలోకి కరుగుతుంది. కడపలో కొలిమి దగ్గర లారీ కమాను పట్టీతో చేయించుకున్న మచ్చుకత్తే ఉందనుకోండి. దానిపై గోళ్లరంగు పూసి, ఆరాక సూదితో ‘క’ అని గీరి, కొన్ని సెకన్ల చొప్పున దూది అద్దుతూ పోతే అక్షరం లోతుగా దిగుతుంది. రంగు ఉన్నచోట ఏమీ కాదు.

ఉప్పే లోహాన్ని తినేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు ముఖ్యమైన పని కరెంటు పారనివ్వడం; లోహాన్ని కరిగించేది కరెంటే. అందుకే వైర్లు తారుమారైతే కత్తి మీద బుడగలొస్తాయి తప్ప గుర్తు పడదు.

స్టెయిన్‌లెస్ కత్తికైతే గ్లౌజులు తప్పనిసరి, కిటికీలు తెరవండి. ఆ మురికినీళ్లలో హానిచేసే క్రోమియం ఉండొచ్చు, కాలువలో పోయొద్దు.