చెల్లి చేతిలోని నవల లాక్కోకండి

"బస్సులో ఒకడు తప్పుగా తాకినప్పటి నుంచి పదహారేళ్ల మా చెల్లి అలాంటి కథలున్న నవలలే చదువుతోంది. అమ్మ వద్దంటోంది. అవి మాన్పించి కరాటేలో చేర్పించమంటారా?" అని అడిగారు.

చదవనివ్వండి. కరాటే సంగతి తర్వాత చూద్దాం. మీ చెల్లికి జరిగిందే పదిహేనేళ్లప్పుడు నాకూ జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది మహారాష్ట్రలోని సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అహేరి నుంచి ఇంటికి వస్తున్న బస్సులో, కాలు పెట్టే చోటు లేని రద్దీలో, వెనక నిలబడ్డవాడు నన్ను పట్టుకున్నాడు. నోరు తెరిచాను, గొంతు రాలేదు. చేతిలోని టిఫిన్ డబ్బా ఇంత బరువుందేమిటా అనుకుంటూ అలాగే నిలబడిపోయాను. ఇంటికొచ్చి చెబితే మా మేనత్త అన్న మొదటి మాట, "మరి ఒర్లలేదేంది?" అరవలేదేమని. ఆమెకు నా మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరక్క నాలుగేళ్లు నలిగిపోయాను.

నాగపూర్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్ స్నేహితురాలు ఒక నవల ఇచ్చింది. అమెరికన్ రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో రాసిన 'స్పీక్'. అందులో మెలిండా అనే అమ్మాయి మీద ఒక పార్టీలో పై తరగతి కుర్రాడు అత్యాచారం చేస్తాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేస్తుంది. పార్టీ పాడుచేసిందని బడి మొత్తం ఆమెను వెలివేస్తుంది. అసలేం జరిగిందో చెప్పలేక ఆ పిల్ల మెల్లగా మాటలే మానేస్తుంది. చివర్లో వాడు మళ్లీ మీదకొస్తే ఎదిరిస్తుంది. కానీ నాకు ఆ చివరి ఘట్టం కంటే ముందు పేజీలే ఎక్కువ. మాట రాని పిల్లను ఆ పుస్తకం ఎక్కడా తప్పుపట్టలేదు. చదివిన రాత్రే హాస్టల్ మెట్ల మీద కూర్చుని మొదటిసారి బస్సు సంగతి బయటి మనిషికి చెప్పుకున్నాను.

అయితే కొన్ని కథల్లో అమ్మాయి ఫైటింగ్ నేర్చుకుని వాడిని కొట్టగానే బాధంతా తీరిపోతుంది. అలాంటివి చదివితే, నేను కొట్టలేదు కదా అన్న దిగులు మీ చెల్లికి పెరగొచ్చు. అందుకే తను చదివేది మీరూ చదవండి.

భయంతో ఒళ్లు బిగుసుకుపోవడం పిరికితనం కాదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచారానికి గురై చికిత్సకు వచ్చిన 298 మంది మహిళలను అడిగి చూస్తే, 70 శాతం మంది ఆ సమయంలో కదల్లేకపోయామని చెప్పినట్టు 2017లో ప్రచురించారు.

మా అత్త అడిగిన ప్రశ్నే ఒకప్పుడు సుప్రీంకోర్టూ వేసింది. 1972లో దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగింది. ఆ ఊరు ఇప్పుడు మా గడ్చిరోలి జిల్లాలోనే ఉంది. ఒంటి మీద గాయాల్లేవు, కేకలు వేయలేదు అంటూ 1978లో కోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు దాన్ని ఖండిస్తూ బహిరంగ లేఖ రాశారు, దేశమంతా ఆందోళనలు జరిగాయి, 1983లో చట్టం మారింది. శరీరంతో ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఇప్పుడు చట్టంలోనే రాసి ఉంది. ఈ మాట మీ అమ్మగారికి చెప్పండి.

ఇక కరాటే. నేను ఇరవయ్యేళ్లకు చేరాను. "ఇది ముందే వచ్చుంటే మిమ్మల్ని ఎవడూ ముట్టుకోడు" అన్నాడు మాస్టర్ మొదటి రోజే. మళ్లీ వెళ్లలేదు. తర్వాత దొరికిన టీచర్ మాతో ముందు అరవడం ప్రాక్టీస్ చేయించింది. అక్కడా నాకు గొంతు రాలేదు. ఆమె తొందరపెట్టలేదు. మూడో వారంలో గొంతు వచ్చింది. మీ చెల్లి తనంతట తాను అడిగితే అలాంటి టీచర్‌ను వెతకండి.

ఫిర్యాదు చేయాలని తనకు ఉంటే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం వర్తిస్తుంది. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

మా అత్తకు ఇంగ్లీషు రాదు. మెలిండా కథ వంటింట్లో కూర్చుని రెండు రాత్రులు తెలుగులో చెప్పాను. అందరూ ఆ పిల్లను వెలేసిన చోట, రొట్టెలు చేస్తున్న చెయ్యి ఆపి, "పాపం, పిల్ల ఎవరికి చెప్పుకుంటది?" అన్నది.