హెచ్.ఎం.గా వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి శీనుకి, మీ అత్త ఆశీస్సులు.

నీకు గెజిటెడ్ హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ పూట చుట్టుపక్కల అందరికీ చెప్పుకున్నాను. రాత్రికి నీ కోపం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అచ్చం మీ తాతదే.

చార్జి తీసుకునేటప్పుడు మధ్యాహ్న భోజనం బియ్యం దగ్గరుండి తూకం వేయించు, రిజిస్టరులో అంకె చూసి సంతకం పెట్టెయ్యకు. క్యాష్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. పిల్లల్ని ఎవరూ కొట్టకూడదు, తిట్టకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ స్టాఫ్ రూంలో ఒకసారి చదివి వినిపించు.

ఇక అసలు సంగతి. నేను కొత్తగా చేరిన హైస్కూల్లో ఒక హెచ్.ఎం. ఉండేవారు. నిజాయితీపరులు, బడి సొమ్ము పైసా ముట్టరు. మా లెక్కల మాస్టారు పక్క ఊరినుంచి బస్సులో వచ్చేవారు. సాయంత్రం అందరం వెళ్లిపోయాక పదో తరగతిలో వెనకబడ్డవాళ్లని కూర్చోబెట్టి చీకటిపడేదాకా లెక్కలు చేయించేవారు. ఎవరూ చెయ్యమన్న పని కాదది. ఒకరోజు బస్సు దారిలో ఆగిపోయింది. ఆయన గేటు దాటేసరికి ప్రార్థన నడుస్తోంది. హెచ్.ఎం. మైకు తీసుకుని, "టైముకి రావడం ఎలాగో మీ సారుకి మీరే నేర్పండర్రా" అన్నారు. పిల్లలు పగలబడి నవ్వారు. రిజిస్టరులో ఎర్ర సిరా గీత కూడా పడింది.

మాస్టారు ఒక్క మాట అనలేదు. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే సంచీ తీసుకుని బస్సెక్కేశారు. మర్నాడూ అంతే. చూస్తుండగానే మేమూ అంతే అయ్యాం. తెలుగు మేడం నాటకాలు ఆపేసింది. సెలవు పెట్టినవాళ్ల పీరియడ్ తీసుకోమంటే "ఆర్డరు రాసివ్వండి" అనడం మొదలైంది. హెచ్.ఎం. స్టాఫ్ రూంలో అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. రూలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఇన్స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు హాజరు చూసి మెచ్చుకుని వెళ్లారు. ఆ సంవత్సరం లెక్కల్లో తప్పిన పిల్లల ఇళ్లకి వాళ్లు వెళ్లలేదు కదా!

ఇప్పుడు మీకు ఆంధ్రాలో 2022 నుంచి ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవడం వచ్చింది. ఎంత ఆలస్యమో అది చెబుతుంది. ఎందుకో నువ్వే అడగాలి, నీ గదిలోకి పిలిచి, ముందు కూర్చోమని. ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు, నేనెరగనా? వాళ్లకి మెమో ఇవ్వు, వెనకాడకు. అదీ కాగితం మీదే, పిల్లల ముందు కాదు.

స్కూలు కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే. వాళ్లని సంతకాలకే పిలవకు. వంట చేసే ఆడవాళ్లని "ఏయ్" అనకు. నువ్వెలా పిలిస్తే బడంతా అలాగే పిలుస్తుంది.

మొన్న సంక్రాంతికి మీ ఆవిడ మీద అందరి ముందూ గొంతు లేపావు. నేను చూశాను. ఈ ఉత్తరం సగం అందుకే రాస్తున్నాను.

సున్నుండలు మీ నాన్నతో పంపిస్తున్నాను. డబ్బా స్టాఫ్ రూంలో పెట్టు, నీ బీరువాలో దాచుకోకు.