కోపమొస్తే బూతు మాట

ప్రశ్న: మా బాబుకి 4 ఏళ్లు. కోపమొస్తే బూతు మాట అంటున్నాడు. కొట్టినా, నోట్లో కారం పెడతానన్నా మానడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కారం బెదిరింపు మానేయండమ్మా. ఆ వయసు పిల్లాడికి సాధారణంగా ఆ మాట అర్థం తెలియదు. అనగానే ఇంటిల్లిపాదీ తనవైపు తిరుగుతారని మాత్రం బాగా తెలుసు. తాతయ్య నవ్వినా, మీరు అరిచినా వాడికి ఒకటే.

ఈసారి అన్నప్పుడు వాడి ఎత్తుకు వంగి, మొహంలో ఏ మార్పూ లేకుండా ఒక్కసారే చెప్పండి: ‘ఆ మాట మనం అనం. నాకు కోపమొచ్చింది అను.’ అంతే, మీ పనిలో పడిపోండి. వాడు ‘నాకు కోపమొచ్చింది’ అన్న మరుక్షణం మాత్రం చేతిలో పని వదిలి పలకండి, ‘చక్కగా చెప్పావు’ అనండి.

మొదటి 3, 4 రోజులు ఇంకా ఎక్కువ అనొచ్చు. ఎవరూ పట్టించుకోవట్లేదేమని పరీక్ష అది. చాలామంది సరిగ్గా అక్కడే చెయ్యెత్తుతారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. కనీసం 2, 3 వారాలు ఓపిక పట్టండి.

చుట్టాల ముందు ‘ఏదీ, మళ్లీ అను’ అని ముచ్చటపడేవాళ్లను గట్టిగా ఆపండి. బండి మీద వాళ్ల నాన్న తిట్లు, ఫోన్లో రీల్స్ కూడా చూసుకోండి. పెద్దవాళ్లు నోరు జారితే ‘తప్పు మాటన్నాను’ అని వాడి ముందే ఒప్పుకోవాలి.