చేసి చూపించకుండా నేర్పండి

ప్రశ్న: పన్నెండేళ్లుగా యోగా నేర్పుతున్నాను. మా అపార్ట్‌మెంట్ మేడ మీద పొద్దున్న రెండు బ్యాచ్‌లు నడిచేవి. సిజేరియన్‌తో పాప పుట్టి పది వారాలైంది. మావారి ఉద్యోగం పోయింది, ఇంటి అద్దె ఇప్పుడు నా ఫీజుల మీదే. పోయిన వారం ఆరు సూర్య నమస్కారాలు వేసి చూశాను. చతురంగ దండాసనంలో బొడ్డు పైన పొట్ట గుమ్మటంలా లేచింది. తుమ్మినా, కాస్త ఎగిరినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. నా ఒంటి మీద నాకే పట్టు లేనప్పుడు ఇంకొకరికి ఏం నేర్పను?
– పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, నేర్పడం వేరు, వేయడం వేరు. డాక్టరు కుట్లు చూసి సరే అంటే క్లాసు వచ్చే వారమే మొదలుపెట్టండి. సూర్య నమస్కారాలు మాత్రం ఇప్పట్లో వద్దు. పన్నెండేళ్ల అనుభవం మీ కళ్లలోనూ నోటిలోనూ ఉంది. దాన్ని వాడుకోవడానికి పొట్ట కండరాలతో పనిలేదు.

ముందు ఆ గుమ్మటం సంగతి. కడుపు పెరిగేటప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా ఉండే పట్టీ సాగి, రెండు వైపుల కండరాలు దూరం జరుగుతాయి. డయాస్టాసిస్ రెక్టై అంటారు. ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. వేళ్లు బొడ్డు మీద అడ్డంగా పెట్టి, ఊపిరి వదులుతూ తల మాత్రం కాస్త లేపండి. రెండు అంచుల మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడండి. బొడ్డుకు రెండంగుళాలు పైన, రెండంగుళాలు కింద కూడా అలాగే చూడాలి. రెండు వేళ్ల కంటే ఎక్కువ ఉన్నా, వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోతున్నా ఫిజియోథెరపిస్టుకు చూపించండి. వెడల్పు ఒక్కటే చూసి కంగారు పడొద్దు. ఊపిరి వదిలినప్పుడు ఆ పట్టీ బిగుస్తోందా లేదా అన్నదే అంతకంటే ముఖ్యం.

ఇప్పుడు చేయాల్సింది చిన్నగా కనిపిస్తుంది, తేలిగ్గా తీసుకోకండి. అదే భంగిమలో చేతులు పక్కటెముకల మీద పెట్టండి. పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. 'స్స్' అంటూ వదిలేటప్పుడు పొత్తికడుపు మెల్లగా వెన్ను వైపు వెళ్లాలి. పది శ్వాసలు, రోజుకు రెండు పూటలు. వారం తర్వాత వదిలే ఊపిరితో ఒక్కో మడమను నేల మీద జరుపుతూ కాలు చాపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకోండి. ఒక్కో కాలికి ఎనిమిది సార్లు. గుమ్మటం లేచిందంటే ఆ రోజుకు ఆపి, మళ్లీ ఉత్త శ్వాసకే వెళ్లండి. నౌకాసనం, రెండు కాళ్లూ కలిపి లేపడం, చతురంగం, చక్రాసనం ఆ గుమ్మటం లేవడం ఆగేదాకా పక్కన పెట్టండి. కపాలభాతి, భస్త్రిక, ఉడ్డియాన బంధం కూడా వద్దు. కపాలభాతిలో ప్రతి కుదుపూ ముందున్న ఆ పట్టీని తోస్తుంది, కింద మూత్రాశయాన్ని మోసే కటి కండరాల (పెల్విక్ ఫ్లోర్) మీదా ఒత్తిడి పెడుతుంది. కుంభకం లేని, అంటే ఊపిరి బిగపట్టని అనులోమ విలోమం నిరభ్యంతరంగా చేయొచ్చు.

ఆసనాల కంటే ఎక్కువ చెడగొట్టేది మంచం మీద నుంచి లేచే తీరు. రాత్రి పాప ఏడవగానే తల ఎత్తి నిటారుగా లేచి కూర్చుంటారు. నాలుగైదు సార్లు లేస్తే అన్ని సార్లూ ఆ పట్టీని లాగినట్టే. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వేసి, చేత్తో మంచాన్ని నెట్టుకుంటూ లేవండి. పాపను ఎత్తుకునేటప్పుడు ముందు ఊపిరి వదలడం మొదలుపెట్టి తర్వాత ఎత్తండి.

మూత్రం చుక్కలు పడటం గురించి. యోగా నేర్పేవాళ్లు 'మూలబంధం నాకు తెలిసిందే కదా' అని ఆ కటి కండరాలను బిగించి బిగించే ఉంచుతారు. వదలడం రాని కండరం అలిసిపోతుంది, తుమ్ము వచ్చినప్పుడు పట్టు ఇవ్వదు. గ్యాస్‌నూ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకున్నట్టు ఊపిరి వదులుతూ లోపలికి లాగి అయిదు సెకన్లు ఉంచండి. పూర్తిగా వదిలి పది సెకన్లు ఆగండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయొద్దు. మూడు నెలలు వరసగా చేసినా తగ్గకపోతే పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియోథెరపిస్టు కావాలి. కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగకుండా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

ఇక క్లాసు. మొదటి రెండు వారాలు ఒక్కటే బ్యాచ్, వారానికి మూడు రోజులు, నలభై అయిదు నిమిషాలు. కుర్చీ వేసుకుని కూర్చోండి. పాత విద్యార్థుల్లో ఒకరిని ముందు చాప మీద ఉంచి, మిగతావాళ్లను వాళ్లని చూడమనండి. సూచనలు కింది నుంచి పైకి ఇవ్వండి: పాదం, మోకాలు, నడుము, భుజాలు, చివర చూపు. ఒక శ్వాసకు ఒక్క మాటే. 'త్రికోణాసనంలోకి రండి' అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు వంగుతారు. 'కుడి పాదం వేళ్లు తలుపు వైపు తిప్పండి' అంటే అందరి పాదాలూ ఒకేసారి తిరుగుతాయి. మూడు నెలలు చేసి చూపించనని మొదటి రోజే చెప్పండి. అది దాచి, మధ్యలో మొహమాటానికి ఒక్కసారి వంగితేనే ఇబ్బంది.

ప్రసూతి సెలవు చట్టం కింద 26 వారాల జీతం ఉద్యోగినులకే వస్తుంది. మీలా సొంతంగా బ్యాచ్‌లు నడిపేవాళ్లకు ఆ ఆసరా లేదు. అందుకే ఫీజు తగ్గించి అడగకండి. నోటితో నేర్పినా అది పూర్తి పనే.

ప్రశ్న: బాబుకు నాలుగో నెల. ఇంట్లో నేనూ అమ్మా మాత్రమే. క్లాసులో 'మనసు ప్రశాంతంగా ఉంచండి' అని చెప్పి ఇంటికొచ్చి ఏడుస్తున్నాను. శవాసనంలో కళ్లు మూస్తే చెడ్డ ఆలోచనలే. నా సాధనలో లోపమా?
– ఒక టీచర్, నల్లకుంట

జవాబు: సాధనలో లోపం ఏమీ లేదు. కాన్పైన మొదటి వారంలో వచ్చే ఏడుపు రెండు వారాల్లో సర్దుకుంటుంది. నాలుగో నెలలోనూ ఉంటే అది బాలింతల్లో వచ్చే డిప్రెషన్ కావచ్చు, వైద్యం ఉన్న జబ్బు. ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు కూడా అడగండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి కాబట్టి బాబు పాల గురించి భయపడి ఆగకండి.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది. మీకు గానీ బాబుకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే అమ్మకు చెప్పండి. ఒంటరిగా ఉండకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కళ్లు మూస్తే కష్టమైతే మూయకండి. శవాసనం, యోగనిద్ర కొన్నాళ్లు ఆపండి. కళ్లు తెరిచి, అడుగులు లెక్కపెడుతూ పదిహేను నిమిషాలు నడవండి. రాత్రి ఒక్క పాలు పట్టడం అమ్మకు అప్పగించి, వరసగా నాలుగైదు గంటలు నిద్రపోండి. దానికి మించిన ప్రాణాయామం ఇప్పుడు మీకు లేదు.

ప్రశ్న: ఆసనాలు వేసి వచ్చి పాలిస్తే 'వేడి పాలు', బిడ్డకు విరేచనాలవుతాయని అత్తయ్య ప్రతిసారీ ముందొచ్చే పాలు పిండి పారేయమంటున్నారు. నిజమా?
– మియాపూర్ నుంచి

జవాబు: పారేయక్కర్లేదు. ఒళ్లంతా అలిసిపోయేలా చేసినప్పుడు పాలలో ల్యాక్టిక్ ఆమ్లం కొద్దిగా పెరగవచ్చు గానీ, అది బిడ్డకు హాని చేయదు. చెమట కడుక్కుని పట్టండి, ఉప్పదనానికి మొహం తిప్పుకోకుండా ఉంటుంది. క్లాసుకు అరగంట ముందు పాలిచ్చి వెళ్తే రొమ్ములు బరువుండవు.

పిండి పెట్టి వెళ్లేట్టయితే పాలు 25 డిగ్రీల దాకా ఉన్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మే నెల హైదరాబాదులో గది లెక్క పనికిరాదు, నేరుగా ఫ్రిజ్‌లోనే పెట్టండి. తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. స్టవ్ మీద కాచకుండా గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో గ్లాసు ఉంచి వెచ్చబెట్టమని అత్తయ్యకు చెప్పండి. బిడ్డ తాగి మిగిల్చినవి రెండు గంటల తర్వాత వాడకండి.

ఇంకొక్క సంగతి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి ఇస్తుంటే ఒప్పుకోకండి. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్లు ఉండాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకోండి. కాల్షియం మాత్రకూ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.