కొత్త రౌటర్‌కి పాత ప్రింటర్‌ని కలపడం గురించి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్త రౌటర్ పెట్టిన దగ్గర్నుంచి ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తోందని రాశావు. డ్రైవర్ (కంప్యూటర్లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఎక్కించడం, ప్రింటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం లాంటివి ఇప్పుడే మొదలుపెట్టకు. అక్కడ ఏదీ పాడవలేదు. ప్రింటర్ ఇంకా పాత వైఫై పేరు కోసమే వెతుకుతోంది. కంప్యూటరేమో ప్రింటర్ని పాత ఐపి అడ్రస్‌లో, అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబర్లో, వెతుకుతోంది. ఈ రెండూ సరిచేస్తే సరిపోతుంది, అదీ ఇదే వరసలో.

అన్నిటికన్నా తేలిక దారి ఒకటుంది. కొత్త రౌటర్లో వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టెయ్. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, ఖాళీలు సహా పొల్లు పోకుండా ఉండాలి. సెక్యూరిటీ రకం కూడా పాత రౌటర్లో ఉన్నదే ఉంచు. అప్పుడు ప్రింటరే కాదు, ఇంట్లో ఫోన్లూ టీవీ కూడా నువ్వు ముట్టుకోకుండానే కలుస్తాయి. పాత పాస్‌వర్డ్ నలుగురికీ తెలిసిపోయి ఉంటే మాత్రం ఈ దారి వద్దు, కొత్తదే పెట్టుకో.

కొత్త పేరే పెట్టావనుకో, ప్రింటర్ మీద నెట్‌వర్క్ మెనూలోకి వెళ్లి వైర్‌లెస్ సెటప్ విజార్డ్ నడుపు. జాబితాలో నీ వైఫై పేరు కనపడకపోతే కారణం సాధారణంగా బ్యాండే, అంటే వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి. ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. కొత్త రౌటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి, ఏ పరికరం ఎందులో ఉండాలో తామే నిర్ణయిస్తాయి. కొన్ని ప్రింటర్లకి అది సరిపడదు. స్మార్ట్ కనెక్ట్ లాంటి పేరుతో ఉన్న ఆ సౌకర్యాన్ని ఆపేసి, 2.4కి విడిగా పేరు పెట్టి, ప్రింటర్ని దానికి కలుపు. 2.4లో ఛానెల్ని (ఆ బ్యాండ్‌లో రౌటర్ వాడే చిన్న భాగం) 1, 6, 11లలో ఒకదానికి కట్టేసి ఉంచడం మంచిది. రౌటర్ 12కో 13కో మారితే ఆ ఛానెళ్లు చదవలేని ప్రింటర్‌కి వైఫై ఉన్నట్టుండి మాయమవుతుంది. కంప్యూటర్ 5లోనే ఉండనీ. రెండు బ్యాండ్లూ ఒకే ఇంటి నెట్‌వర్క్ కాబట్టి ఇబ్బంది ఉండదు.

పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టావు, అయినా ఒప్పుకోవడం లేదంటే సెక్యూరిటీ చూడు. రౌటర్ ఒక్క డబ్ల్యుపిఎ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతిలోనే ఉంటే పాత ప్రింటర్లు కలవలేవు. దాన్ని డబ్ల్యుపిఎ2, డబ్ల్యుపిఎ3 రెండూ కలిసిన పద్ధతికి మార్చు. అప్పటికీ కలవకపోతే 2.4 వరకు ఉత్త డబ్ల్యుపిఎ2కి దిగు. అంతకన్నా కిందకి మాత్రం వెళ్లొద్దు, ఒక్క ప్రింటర్ కోసం ఇంటి తలుపులు బార్లా తెరవక్కర్లేదు. తెర లేని ప్రింటరైతే రౌటర్ మీద డబ్ల్యుపిఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపేది) నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీదది నొక్కాలి. ఉత్త డబ్ల్యుపిఎ3లో ఆ బటన్ పని చేయదు. రౌటర్ పక్కనే ప్రింటర్ పెట్టే వీలుంటే ఈ తంటాలేవీ లేకుండా ఈథర్‌నెట్ కేబుల్ గుచ్చెయ్. నా ఓటు ఎప్పుడూ దానికే.

తర్వాత నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయి. చాలామంది ఈ మెట్టు దాటేసి గంటలు పోగొట్టుకుంటారు. అందులో ఐపి అడ్రస్ 0.0.0.0 అని ఉంటే ప్రింటర్ అసలు కలవలేదు. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదు. నీ కంప్యూటర్ 192.168.0 వరసలో ఉండి ప్రింటర్ 192.168.1 వరసలో కనిపిస్తే రెండు అనుమానాలు. మొదటిది, ఎవరో ప్రింటర్లో అడ్రస్ చేత్తో రాసిపెట్టారు. దాన్ని ఆటోమేటిక్, అంటే రౌటరే అడ్రస్ ఇచ్చే డిహెచ్‌సిపి పద్ధతికి మార్చు. రెండోది, ఇంటర్నెట్ వాళ్లిచ్చిన పెట్టె కూడా రౌటర్‌లా పనిచేస్తోంది, ప్రింటర్ దాన్ని పట్టుకుంది. ఆ పెట్టెలో వైఫై ఆపెయ్, లేదా నీ కొత్త రౌటర్ని అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టు. ఇంట్లో అడ్రస్‌లు పంచేది ఒక్కటే ఉండాలి.

ఆ ఐపి అడ్రస్‌ని కంప్యూటర్ బ్రౌజర్లో కొట్టు. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే నెట్‌వర్క్ పని అయిపోయినట్టే, మిగిలింది కంప్యూటర్లోనే ఉంది. తెరుచుకోకపోతే విండోస్ జోలికి ఇంకా వెళ్లకు. కంప్యూటర్, ప్రింటర్ రెండిట్లో ఏదైనా గెస్ట్ వైఫైలో ఉందా, రౌటర్లో పరికరాల్ని విడదీసే ఎపి ఐసొలేషన్ ఆన్‌లో ఉందా, ల్యాప్‌టాప్‌లో విపిఎన్ నడుస్తోందా చూడు. ఇంటర్నెట్ బాగానే వస్తున్నా ఈ మూడూ ఇంట్లో పరికరాల్ని ఒకదానికొకటి కనపడనివ్వవు.

పేజీ తెరుచుకున్నాక ఆ అడ్రస్‌ని స్థిరం చెయ్యి. రౌటర్లో డిహెచ్‌సిపి కింద అడ్రస్ రిజర్వేషన్ ఉంటుంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే దానికిచ్చిన గుర్తింపు సంఖ్య), దానికి నువ్విచ్చే ఐపి, ఉదాహరణకి 192.168.0.150, రాసి సేవ్ చేసి, ప్రింటర్ని ఆపి మళ్లీ వెయ్. కేబుల్‌కి ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటాయి. నువ్వు వాడుతున్న దానిదే రాయాలి. స్థిరమైన అడ్రస్ ప్రింటర్లో కాకుండా రౌటర్లోనే రాయమనడానికి కారణముంది. ప్రింటర్లో రాస్తే రౌటర్ అదే నంబర్ని ఇంకో ఫోన్‌కి ఇచ్చేసే ప్రమాదం ఉంటుంది. మళ్లీ రౌటర్ మార్చిన రోజున ఇదే చిక్కు తిరిగొస్తుంది.

ఇక విండోస్. ముందు క్యూలో ఇరుక్కున్న పాత ప్రింట్లన్నీ రద్దు చెయ్. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ (కంప్యూటర్ ప్రింటర్‌ని చేరే దారుల జాబితా) తెరువు. డబ్ల్యుఎస్‌డి అనో, పాత ఐపి అనో టిక్ పెట్టి ఉంటుంది. యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టిసిపి/ఐపి పోర్ట్ ఎంచుకుని, కొత్త ఐపి ఇచ్చి ముగించు. డ్రైవర్, నీ పేపర్ సెట్టింగులు అన్నీ అలాగే ఉంటాయి. డబ్ల్యుఎస్‌డి పరికరాన్ని తనంతట తాను వెతుక్కునే పద్ధతి. వెతుకులాట కుదరని రోజున ప్రింటర్ ఆఫ్‌లైన్ అనేస్తుంది. కొత్త పోర్ట్ పెట్టాక కూడా ఆఫ్‌లైన్ అంటే కాన్ఫిగర్ పోర్ట్‌లోకి వెళ్లి ‘ఎస్‌ఎన్‌ఎంపి స్టేటస్ ఎనేబుల్డ్’ దగ్గర టిక్ తీసెయ్. అది విండోస్ ‘ఎలా ఉన్నావు’ అని ప్రింటర్ని అడిగే పద్ధతి. ఆ ప్రశ్నకి ప్రింటర్ నుంచి జవాబు రాకపోతే, ప్రింటర్ పనిచేస్తున్నా విండోస్ ఆఫ్‌లైన్ అని ముద్ర వేస్తుంది.

విండోస్ కాక యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటరైతే, జాబితాలో పాత ప్రింటర్‌ని తీసేసి మళ్లీ చేర్చుకోవడమే తేలిక.

స్కానింగ్‌ని కూడా ఒకసారి పరీక్షించు. ప్రింటర్ నుంచి కంప్యూటర్ ఫోల్డర్‌కి నేరుగా స్కాన్ పంపే అలవాటుంటే, ప్రింటర్ పేజీలోని అడ్రస్ బుక్‌లో కంప్యూటర్ పాత ఐపి మిగిలిపోయి ఉంటుంది. అదీ మార్చి, కంప్యూటర్‌కి కూడా రౌటర్లో ఒక రిజర్వేషన్ రాసిపెట్టు.

ఇంకా కుదరకపోతే ఆ కాన్ఫిగరేషన్ పేజీ ఫోటో పంపు.

మీ మామయ్య