జట్టు మారిన ఆటగాడి పాత జీతం ఎవరివ్వాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 2025 ఫిబ్రవరిలో డాలస్ మావెరిక్స్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసినప్పటి నుంచి మా ఇంట్లో బాస్కెట్‌బాల్ మాటెత్తితే గొడవే. ఇప్పుడు కొత్త తగువు ఒకటి మొదలైంది. ఆటగాడు తన జీతంలో కొంత భాగం రిటైరయ్యాక తీసుకుంటానని రాసుకున్నాడు, ఈలోగా అతన్ని వేరే జట్టుకు ట్రేడ్ చేశారు అనుకోండి. ఆ డబ్బు ఎవరివ్వాలి? కాంట్రాక్టుతో పాటే బాకీ కూడా కొత్త జట్టుకు పోతుందని నేనంటాను. పాత జట్టే ఇవ్వాలని మా మేనల్లుడంటాడు. ఇంకో సంగతి. ఐదేళ్లుగా నేను కూడా నా బోనస్‌లో కొంత ఆఫీసువాళ్ల డిఫర్డ్ ప్లాన్‌లో, అంటే ఇప్పటి డబ్బును తర్వాతకు వాయిదా వేసుకునే పథకంలో, వేస్తున్నాను. కంపెనీని అమ్మేస్తున్నారని వింటున్నాను. నా డబ్బుకీ ఇదే రూలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ మేనల్లుడిది ముప్పావు వంతు రైటు. మీది పావు వంతు. ఆ పావు ఎక్కడుందో తర్వాత చెబుతాను.

మన ఊళ్లలో పాలేరు ఏడాదికి కుదిరేవాడు. గడువు తీరాక ఇంకో ఆసామి దగ్గర చేరితే, పాత ఆసామి దగ్గర మిగిలిపోయిన జీతం గింజల్ని కొత్త ఆసామి కొలిచి ఇవ్వడు కదా. చేసిన పనికి రావాల్సింది చేయించుకున్నవాడి బాకీ. వాయిదా జీతం కూడా అంతే. ఆటగాడు ఆ సీజన్ ఆడేశాడు, జీతం సంపాదించేశాడు. చేతికి రావడం మాత్రం పదేళ్ల తర్వాత.

చట్టం దగ్గరకొస్తే, కాంట్రాక్టులో మనకున్న హక్కును ఇంకొకరికి బదలాయించవచ్చు. మనం తీర్చాల్సిన బాకీని మాత్రం, డబ్బు రావాల్సినవాడు ఒప్పుకోకుండా ఇంకొకరి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోలేం. అమెరికా కోర్టులూ ఇదే చెబుతాయి, మన 1872 కాంట్రాక్టు చట్టం కింద మన సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ ఆటగాడు ట్రేడ్‌కి ముందే ఒప్పుకున్నాడు కదా అంటారేమో. నిజమే, అందరూ సంతకం పెట్టే ఒకే నమూనా కాంట్రాక్టులో ఆ మాట ఉంది. సీజన్ నడుస్తుండగా ట్రేడ్ అయితే కబురు అందిన 48 గంటల్లో కొత్త జట్టు దగ్గర హాజరు కావాలి, ఇల్లు మారే ఖర్చు కొత్త జట్టు పెట్టుకోవాలి. కానీ నా దృష్టిలో ఆ ఒప్పుకోలు ఆడటానికే. పాత బాకీ వదులుకోవడానికి కాదు.

మీ పావు వంతు ఇక్కడుంది. నాలుగేళ్ల కాంట్రాక్టు, ఏటా జీతంలో కొంత వాయిదా అనుకుందాం. రెండేళ్లు ఆడాక ట్రేడ్ అయితే, మిగిలిన రెండేళ్ల ఆట కొత్త జట్టు కోసం. కాబట్టి ఆ రెండేళ్ల వాయిదా భాగం కొత్త జట్టు లెక్కలోకి పోతుంది. సీజన్ మధ్యలో ట్రేడ్ అయితే రోజుల లెక్కన పంచుకుంటారు. అందుకే 'ఎవరివ్వాలి' అనేముందు 'ఏ సీజన్ డబ్బు' అని అడగాలి. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఉమ్మడి ఒప్పందం కూడా ఈ దారిలోనే నడుస్తుంది. ఒక సీజన్ జీతంలో 25 శాతానికి మించి వాయిదా వేయకూడదు. వేసినా, శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) అది సంపాదించిన సీజన్ కిందే పడుతుంది, చెల్లించే ఏడాది కింద కాదు.

కెవిన్ గార్నెట్‌ని చూడండి. బోస్టన్ సెల్టిక్స్ 2013లో ఆయన్ని బ్రూక్లిన్‌కి ట్రేడ్ చేసింది. 2015లో బ్రూక్లిన్ మినెసోటాకి పంపింది. 2016లో రిటైరయ్యారు. ఆ తర్వాత ఏడేళ్ల పాటు ఏటా 50 లక్షల డాలర్లు ఇచ్చుకుంటూ వచ్చింది బోస్టనే. మధ్యలో రెండు జట్లు మారినా ఆ చెక్కు మీద పేరు మారలేదు.

బాస్కెట్‌బాల్‌లో ఇలాంటివి ఎక్కువ కనబడవు. వాయిదా వేసినా క్యాప్ లెక్క తగ్గదు కాబట్టి జట్టుకు అందులో పెద్ద లాభం లేదు. బేస్‌బాల్ కథ వేరు. షోహే ఒతాని 70 కోట్ల డాలర్ల కాంట్రాక్టులో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా వస్తాయి, వడ్డీ కూడా లేదు. దాంతో లగ్జరీ ట్యాక్స్ (జీతాలు పరిమితి దాటిన జట్టు లీగ్‌కి కట్టేది) లెక్కలో ఏడాదికి 7 కోట్లకు బదులు సుమారు 4.6 కోట్లే పడుతోంది. ఎన్‌బీఏలో వినే 'స్ట్రెచ్' అన్నది ఈ వాయిదా జీతం కాదు. చాలామంది రెండూ కలిపేస్తారు. ఆటగాణ్ణి జట్టు వదిలేసి, ఇంకా ఇవ్వాల్సిన డబ్బును మిగిలిన ఏళ్లకు రెట్టింపు, పైన ఇంకో ఏడాది చొప్పున పరుస్తారు. 2025లో మిల్వాకీ జట్టు డేమియన్ లిల్లార్డ్‌ని అలాగే వదులుకుంది. రెండేళ్లు మిగిలాయి కాబట్టి ఐదేళ్లు.

ఇక అసలు భయపడాల్సింది వేరే ఉంది. బాకీ ఎవరిదో తేలినా, ఆ బాకీదారు దివాలా తీస్తే? దీనికి ఉదాహరణ మీ పక్క ఊళ్లోనే ఉంది. ఆర్లింగ్టన్ బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ 2004లో అలెక్స్ రోడ్రిగెజ్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చేసింది. ఆరేళ్ల తర్వాత, 2010 మేలో రేంజర్స్ దివాలా కోర్టుకెక్కింది. హామీ లేని అప్పులవాళ్ల జాబితాలో మొదటి పేరు బ్యాంకుది కాదు, రోడ్రిగెజ్‌ది. వాయిదా జీతం బాకీ 2.49 కోట్ల డాలర్లు! ఆయనేమో అప్పటికి ఎదుటి జట్టు చొక్కా తొడుక్కుని అదే రేంజర్స్ మీద ఆడుతున్నాడు. ఆ జట్టును కోర్టు వేలం వేసినప్పుడు పోటీపడి ఓడిపోయినవాళ్లలో మీ మావెరిక్స్ అప్పటి యజమాని మార్క్ క్యూబన్ కూడా ఉన్నారు.

హాకీలో ఇంకా విచిత్రం జరిగింది. 1998లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ దివాలా తీసేటప్పటికి మారియో లెమ్యూకి 3 కోట్ల డాలర్లకు పైగా వాయిదా జీతం బాకీ ఉంది. ఆయన అందులో పెద్ద భాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో జట్టుకే యజమాని అయ్యాడు. మీకూ నాకూ అలాంటి అవకాశం రాదనుకోండి.

ఇప్పుడు మీ సంగతి. డిఫర్డ్ ప్లాన్ అంటే మీ 401(కె), అంటే ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా, లాంటిది కాదు. 401(కె) డబ్బు విడిగా ట్రస్టులో ఉంటుంది, కంపెనీ మునిగినా అప్పులవాళ్లు ముట్టుకోలేరు. డిఫర్డ్ ప్లాన్‌లో మీకున్నది కంపెనీ ఇచ్చిన మాట మాత్రమే. అంటే మీరూ రోడ్రిగెజ్ వరసలోనే నిలబడతారు. కొన్ని కంపెనీలు 'రబ్బీ ట్రస్ట్' అని ఒకటి పెడతాయి. కొత్త యాజమాన్యం మనసు మార్చుకున్నా అందులో డబ్బు కదలదు, కానీ దివాలా వస్తే అదీ అప్పులవాళ్ల పాలే.

అమ్మకంలో రెండు రకాలున్నాయి. షేర్లు అమ్మితే మీ కంపెనీ అదే కంపెనీ, యజమాని మాత్రమే మారాడు, బాకీ అక్కడే ఉంటుంది. 2023 చివర్లో మావెరిక్స్‌లో పెద్ద వాటా చేతులు మారినంత మాత్రాన ఆటగాళ్ల కాంట్రాక్టులు చెదరలేదు కదా. ఆస్తులు మాత్రమే కొంటే జాగ్రత్త. డిఫర్డ్ ప్లాన్ బాకీని కొత్తవాళ్లు తీసుకున్నారా లేదా అన్నది అమ్మకం ఒప్పందంలో రాసి ఉండాలి. తీసుకోకపోతే ఆస్తులన్నీ అమ్ముకుని డొల్లగా మిగిలిన పాత కంపెనీని పట్టుకుని మీరు తిరగాలి. హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా మెయిల్ పెట్టి ఈ ఒక్క ముక్కా అడగండి.

'భయంగా ఉంది, ఇప్పుడే ఇచ్చేయండి' అని మాత్రం అడగకండి. 409ఎ అనే పన్ను సెక్షన్ ఉంది. మొదట రాసుకున్న తేదీకి ముందే ప్లాన్ డబ్బు తీసుకుంటే మామూలు ట్యాక్స్ కాక ఇంకో 20 శాతం పడుతుంది, అదీ మీ మీదే, కంపెనీ మీద కాదు. ఇంకో చిన్న మాట, కాలిఫోర్నియాలో సంపాదించి టెక్సస్‌లో స్థిరపడేవాళ్లకు పనికొస్తుంది. వాయిదా డబ్బును పదేళ్లకు తగ్గకుండా ఏటా సమానంగా తీసుకుంటే, మీరు నివసించని రాష్ట్రం దాని మీద ఆదాయపు పన్ను వేయకూడదని 1996 నాటి ఫెడరల్ చట్టం ఉంది.

హెచ్‌ఆర్‌కి రాసేముందు మీ ప్లాన్ కాగితాల్లో 'చేంజ్ ఇన్ కంట్రోల్' అన్న మాట వెతకండి. ఆ క్లాజు కొన్ని ప్లాన్లలో ఉంటుంది. ఉంటే కంపెనీ చేతులు మారగానే మీ డబ్బంతా ఒకేసారి రావచ్చు, ఆ ఏడాది ట్యాక్స్ కూడా ఒకేసారి పడుతుంది. కాబట్టి అమ్మకం డిసెంబరులో ముగుస్తుందా, జనవరిలోనా అన్నది కనుక్కుని మీ అకౌంటెంట్‌కు ముందే చెప్పి పెట్టండి.