అవి నరాలు కావు చెల్లె

ప్రశ్న: నమస్తే మేడం. మాది హన్మకొండ, బట్టల షోరూముల సేల్స్ పని చేస్త. రెండో కాన్పు, ఇప్పుడు 30 వారాలు. మొదటిసారి పిక్కల మీద సన్నగ నీలం గీతలు కనబడి మళ్ల పోయినయి, ఈసారి మోకాలి ఎనుకనుంచి మడమ దాక తాడు మెలేసినట్టు నరాలు ఉబ్బినయి. పొద్దుగూకేసరికి కాళ్లు బరువెక్కి గుంజుతున్నయి. అత్తమ్మ నూనె పెట్టి గట్టిగ రుద్దుతా అంటది, వాడకట్టు ఆర్‌ఎంపీ నరాల బలానికని మూడు సూదులు ఇచ్చిండు, ఏం తేడా లేదు. లోపల బిడ్డకేమన్న అయితదా? ఆపరేషన్ చెయ్యాల్నా? పని మానేస్తే మాకు ఇల్లు గడవదు.

జవాబు: ముందుగాల భయం తీసెయ్యి చెల్లె, ఉబ్బిన ఈ నాళాల వల్ల బిడ్డకేం కాదు. మనం నరాలు అంటం గని అవి నరాలు కావు, కాళ్లల్ల నుంచి చెడు రక్తాన్ని గుండెకు తీస్కపోయే సిరలు, అవి ఇట్ల ఉబ్బితే వెరికోస్ వెయిన్స్ అంటరు. అందుకే నరాల సూదికి తగ్గలె, అవి ఇంక ఏపిచ్చుకోకు. కడుపుతోని ఉన్నప్పుడు ఒంట్ల రక్తం దగ్గరదగ్గర సగం పెరుగుతది, హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులైతయి, పైనుంచి గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడుతది, రక్తం కిందనే ఆగుతది. రెండో కాన్పుకు ఎక్కువయితది, మీ అమ్మకుంటే నీకు వచ్చే అవకాశం కూడ ఎక్కువ.

నీకు అసలు మందు నీ పిక్కలే. పిక్క కండ కదిలినప్పుడల్ల రక్తాన్ని పైకి పిండుతది, కదలకుండ నిలబడితే ఆ పంపు ఆగిపోతది. కౌంటర్ దగ్గరున్నా సరే మడమలు ఎత్తి దించు, బరువు ఒక కాలు మీదికెళ్లి ఇంకో కాలు మీదికి మార్చు, గంటకోసారి నాలుగడుగులు నడువు. సిరిసిల్ల, జగిత్యాల దిక్కు ఒళ్లె చాట పెట్టుకుని పొద్దంత బీడీలు చుట్టే అక్కలకు కూడ ఇదే చెప్త, వాళ్లు కూసుంటరు గని కదలరు కదా.

ఓనర్‌ను స్టూల్ అడుగు, మొహమాటపడకు. దుకాణాలల్ల పనిచేసేటోళ్లకు కూసునే హక్కు కేరళల 2018ల, తమిళనాడుల 2021ల చట్టంల పెట్టిన్రు. మన దగ్గర కూడ, పదిమంది అంతకంటె ఎక్కువ పనిచేసే షాపుల గర్భిణి అడిగితే, డెలివరీకి పది వారాల ముందునుంచి ఎక్కువసేపు నిలబడే పని చెప్పొద్దని చట్టంల ఉంది. నువ్వు ఇప్పుడు సరిగ్గ అక్కడనే ఉన్నవ్, అడుగు.

టైట్ సాక్సులు, అదే కంప్రెషన్ స్టాకింగ్స్, బాగ పనికొస్తయి గని మెడికల్ షాపుల అందాజగ కొనకు, డాక్టర్ కొలత తీస్కొని చెప్పిన గ్రేడే కొను. పొద్దున మంచం దిగకముందే, కాళ్లు ఉబ్బకముందే తొడుగు, రాత్రి తీసెయ్యి. వరంగల్ ఎండలల్ల కష్టమే, అయినా నిలబడే గంటలన్న వేసుకో. ఇంటికి రాంగనే కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టి కొంచెంసేపు ఒరుగు, రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకో. పట్టీలు, మెట్టెలు బిగుతయితే తీసి పక్కకు పెట్టు. అత్తమ్మకు నా మాటగ చెప్పు, ఉబ్బిన దాని మీద గట్టిగ రుద్దొద్దు. ఆపరేషన్, లేజర్ ఇప్పుడు ఎవ్వరు చెయ్యరు, కాన్పు అయినంక కొన్ని నెలలల్ల శానమందికి వాటంతట అవే తగ్గుతయి, తగ్గకపోతే అప్పుడు చూస్తరు.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెప్తున్న. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొచ్చి, వేడిగ ఎర్రగ అయితే అది లోపల రక్తం గడ్డ కావొచ్చు, అదే పూట దవాఖానకు పో. దాంతోని ఆయాసం, ఛాతీల నొప్పి వస్తే 108కు ఫోన్ చెయ్యాలె, తెల్లారేదాక ఆగొద్దు. ముఖం, చేతులు ఉబ్బి తలనొప్పి, కండ్లు మసకలు వస్తే అది బీపీది, దానికి కూడ వెంటనే పోవాలె. ఉబ్బిన సిర పగిలి రక్తం కారితే పండుకొని కాలు పైకెత్తి శుభ్రమైన బట్టతోని పది నిమిషాలు అదిమిపట్టి, అంబులెన్స్ పిలువు.

వచ్చే చెకప్‌ల పొట్ట ఒక్కటే చూపిచ్చి రాకు, కాళ్లు కూడ చూడమని నువ్వే అడుగు, అదీ నిలబడి చూపియ్యి, పండుకుంటే ఇవి సగం కనబడవు.